పనామా కాలువ: మిరాఫ్లోరెస్ ఒక్కటే చూసి వచ్చేయకండి

అమెరికాలో ఉండే మనవాళ్లు లాంగ్ వీకెండ్‌కి పనామా సిటీ వెళ్లి, మిరాఫ్లోరెస్ లాకుల (నీళ్లు నింపీ వదిలీ ఓడల్ని ఎత్తి దించే గదులు) దగ్గర ఓడతో సెల్ఫీ దిగి, అల్‌బ్రూక్ మాల్ చుట్టేసి ఫ్లైట్ ఎక్కేస్తుంటారు. మిరాఫ్లోరెస్ బాగుంటుంది, కాదనను. గోదావరి కాలవల మీద లాకులు చూసినవాళ్లకి పద్ధతి కొత్తేమీ కాదు, సైజే మతిపోగొడుతుంది. పెద్ద ఓడైతే గోడకీ దానికీ మధ్య రెండడుగులే సందు. పట్టాల మీద ‘మూలా’ అనే చిన్న ఇంజన్లు గంట కొట్టుకుంటూ ఓడని తీగలతో సరిగ్గా మధ్యలో పట్టి ఉంచుతాయి, పంపు అనేదే లేకుండా నీళ్లు దిగిపోతుంటే మన ఎదురుగా ఉన్న కంటైనర్ల వరసలు మెల్లగా కిందికి జారతాయి. మధ్యాహ్నం మాత్రం వెళ్లొద్దు. పెద్ద ఓడలు పొద్దున ఒక దిక్కుకి, సాయంత్రం వైపు రెండో దిక్కుకి వెళ్తాయి, నడుమ చూడటానికి ఖాళీ నీళ్లే.

బస విషయానికొస్తే, పాత ఊరు కాస్కో వియెహోలో పాత భవనాల హోటళ్లు అందంగా ఉంటాయి, కానీ వీకెండ్ రాత్రి మ్యూజిక్ హోరుకి పిల్లలు నిద్రపోలేదు. ఎల్ కాంగ్రెహో అనే పేటకి మారాం, మెట్రో పక్కనే, హాయి.

బోటు టూర్ వాళ్లు మమ్మల్ని రేవులో గంటల తరబడి కూర్చోబెట్టారు, అడిగితే సమాధానం చెప్పే దిక్కు లేదు. అయినా కులెబ్రా దగ్గర కొండని నిలువునా చీల్చిన చోటు నీళ్ల మీంచి చూశాక కోపం సగం దిగింది. 1881లో ఫ్రెంచివాళ్లు కాలువ తవ్వకం మొదలుపెట్టి 1889లో చేతులెత్తేసేలోపు సుమారు 22 వేల మంది పోయారు, ఎక్కువగా మలేరియా, పచ్చజ్వరం. 1904లో అమెరికన్లు వచ్చాక ముందు దోమల మీద పడ్డారు. మలేరియా దోమలతో వస్తుందన్న గుట్టు రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాద్‌లోనే పట్టాడు కదా, ఆ సంగతి అక్కడ గుర్తొస్తే అదో సరదా.

తవ్విన కూలీల్లో ఎక్కువమంది బార్బడోస్ లాంటి కరీబియన్ దీవుల నల్లవాళ్లు. అమెరికన్లకి బంగారు నాణేల్లో జీతం, వీళ్లకి వెండిలో, ఇళ్లూ స్కూళ్లూ కూడా వేరే. ఇదంతా కాలిదోనియాలోని ఆఫ్రో-యాంటిలియన్ మ్యూజియంలో ఉంది. పాత చెక్క చర్చి, చిన్నది, జనమే లేరు. బయోమ్యూజియో అనే ప్రకృతి మ్యూజియం, ఇదీ రెండింటికీ టైమ్ లేకపోతే నేనైతే ఇక్కడికే వెళ్లమంటాను.

1914లో కాలువ తెరిచినా దాని చుట్టూ పదహారు కిలోమీటర్ల వెడల్పు జోన్ అమెరికాదే. 1964 జనవరి 9న అందులో తమ దేశం జెండా ఎగరేయబోయిన పనామా విద్యార్థులతో మొదలైన గొడవల్లో ఇరవై మందికి పైగా పనామావాళ్లు చనిపోయారు. 1977 ఒప్పందం ప్రకారం 1999 డిసెంబర్ 31న కాలువ పనామా చేతికొచ్చింది. ఇప్పుడు దాని లాభాలు ఏటా ఖజానాకి వెళ్తాయి. ఆ డబ్బు జనానికి చేరుతోందని పనామా సిటీ అద్దాల మేడలు చూస్తే నమ్మేయొచ్చు, కాలువ రెండో కొసన ఉన్న కోలోన్ ఊరు చూస్తే డౌటొస్తుంది. సుంకాల్లేని వ్యాపారం నడిచే ఫ్రీ జోన్ గోడ లోపల కోట్ల వ్యాపారం, సింధీల దుకాణాలు కూడా, గోడ బయట కూలిపోతున్న చెక్క బాల్కనీలు. కోలోన్‌లో రాత్రి ఉండకండి, పగలు నమ్మకమైన టాక్సీలో వెళ్లి, దగ్గర్లోని ఆగ్వా క్లారాలో 2016లో తెరిచిన కొత్త లాకులు చూసి వచ్చేయండి. మిరాఫ్లోరెస్‌లో ఉన్నంత తోపులాట ఉండదు, ఓడలు దాటే గాతూన్ చెరువు కూడా కనిపిస్తుంది.