ఒక సైజు పెద్దవైన స్నోబోర్డ్ బూట్లతో నాలుగు చలికాలాలు

తిరుపతిలో ఉండేవాడికి, మంచు మీద పలకెక్కి జారే ఆటకు వాడే స్నోబోర్డ్ బూట్లెందుకని మా వీధిలో అడగనివాళ్లు లేరు. ఏడాదికి పది రోజులు, జనవరి ఆఖర్లో, ఏపీ సంపర్క్ క్రాంతి ఎక్కి ఢిల్లీ, అక్కణ్నుంచి కశ్మీర్‌లోని గుల్మార్గ్. మిగతా రోజులన్నీ ఆ బూట్లు అటక మీదే. వదులు బూట్లను బిగువుగా చేసుకోవడానికి ఈ నాలుగేళ్లలో నేను పడ్డ తిప్పల్లో ఏది పనికొచ్చిందో, ఏది డబ్బు దండగో చెప్తాను.

తప్పు కొన్నరోజే జరిగింది. బెంగళూరులో ఒకాయన నాలుగైదుసార్లు మాత్రమే వేసుకున్న జత అమ్ముతుంటే తీసుకున్నా. నాది ఎనిమిదో నంబర్. మన షాపుల్లో ఇచ్చేది యూకే నంబర్, మగవాళ్లకు అమెరికా నంబర్ దానికంటే ఒకటి ఎక్కువ. అంటే నాకు తొమ్మిది. బూటు మీద 9.5 అని ఉంటే, అర నంబర్ ఎక్కువైనా మందపాటి సాక్సుకు సరిపోతుందిలే అనుకున్నా. చూడాల్సింది ఆ అంకె కాదు. పక్కనే 27.5 అని ఇంకోటి ఉంటుంది. దాన్ని మోండో సైజు అంటారు, అది పాదం పొడవు, సెంటీమీటర్లలో. ఇంటికొచ్చి గోడకు మడమ ఆనించి స్కేలుతో కొలిస్తే నా కుడి పాదం 26.5. ఎడమది ఇంకో మూడు మిల్లీమీటర్లు తక్కువ. ఇన్నాళ్లూ మామూలు షూ కూడా వదులువే వేసుకుని తిరిగానన్నమాట. రోడ్డు మీద అది చెల్లింది.

మంచు మీద చెల్లదు. స్నోబోర్డు మీద రెండు కాళ్లూ పలకకు అడ్డంగా బిగించి ఉంటాయి. వేళ్ల వైపు అంచు మీదికి తిరగాలంటే మోకాళ్లు వంచి కాలి ముందు ఎముకతో బూటు నాలుకను నొక్కాలి. అప్పుడు మడమ బూటు లోపలే పైకి లేచిందంటే, మనం తిరిగాక ఒక క్షణం ఆగి బోర్డు తిరుగుతుంది. మొదటి ఏడాది ఆ ఒక్క క్షణంలోనే నేను పడ్డవన్నీ. పైగా జారకుండా ఉండాలని కాలివేళ్లతో బూటు అడుగును పట్టుకునేవాణ్ని. మధ్యాహ్నానికల్లా అరికాలు కొంకర్లు పోయేది.

మొదట చేసింది అందరూ చేసేదే, రెండు జతల సాక్సులు. దయచేసి చేయకండి. ఒకదాని మీద ఒకటి జారి ముడతలు పడతాయి, చెమట పడుతుంది, రక్తం ఆడదు, వేళ్లు మంచుగడ్డలవుతాయి. పిక్కల దాకా వచ్చే ఉన్ని సాక్సు, పలచనిది, ఒక్క జత చాలు. తర్వాత బూటు అడుగున పరిచే, మందంగా ఉన్న ఇన్‌సోల్ వేశా. పాదం పైభాగం బూటుకు ఒత్తుకుంది, మడమ మాత్రం ఎప్పట్లాగే లేచింది. అరికాలి వంపుకు ఆసరా ఇచ్చే గట్టి ఇన్‌సోల్ మార్చాక కొంచెం నయం. బరువు పడ్డప్పుడు పాదం చదునై ముందుకు సాగడం తగ్గింది. లైనర్‌ని, అంటే బూటు లోపల విడిగా వచ్చే మెత్తటి తొడుగుని, వేడిచేసి కాలికి అచ్చు వేయించుకోమని కూడా ఒకరు చెప్పారు. కానీ మామూలు లైనర్లలో అది కాలు ఒత్తుకునే చోట జాగా చేస్తుందే తప్ప ఖాళీని నింపదు. వదులు బూట్లకు అది తిరగబడ్డ మందు.

రెండో ఏడాది బయల్దేరే ముందు బూట్లు తీసుకుని గాంధీ రోడ్డు దగ్గర సందులో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి పోయా. ఆయన దాన్ని అటూఇటూ తిప్పి చూసి, "ఏంది నాయనా ఇది, మనిషి కాలికేనా?" అన్నాడు. సంగతంతా చెప్పా. "కింద ఎంత నింపినా లాభం ల్యా. మడమను ఎనకనించి పట్టించాల. షూ మడమ కాడ జారితే మేం తోలు ముక్క ఏసేది యాడ? ఎనకాలే గదా!" అన్నాడు. నేను నెలరోజులు వీడియోలు చూసి తెలుసుకున్న సంగతి కూడా సరిగ్గా అదే. బయటి దేశాల్లో ఈ ముక్కల్ని జె-బార్లని అమ్ముతారు, ఇంగ్లిష్ జె అక్షరం ఆకారంలో ఉంటాయి కనుక.

మేం చేసింది ఇది. లైనర్ ఒక్కటే తొడుక్కుని, వేలితో తడిమి, చీలమండ ఎముక ఎక్కడుందో స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టా. చెప్పుల అడుగులకు వాడే ఫోమ్ షీట్‌ని ఆయన చేతికర్ర పిడిలాగా కోశాడు. నిలువు భాగం మడమ వెనక నరం పక్కన, వంపు ఎముక కిందుగా వచ్చేట్టు, లైనర్ బయటి వైపున అంటించాలి. లోపల అంటిస్తే కాలు ఒరుసుకుంటుంది. ఎముక మీదికి ఎక్కిందా, నరకమే. మొదట పది మిల్లీమీటర్ల మందం పెట్టాం, ఎక్కువైంది. ఆరుకు తగ్గించి అంచులు ఏటవాలుగా చెక్కాక కుదిరింది. షీటు, సొల్యూషన్, ఆయన కూలీ కలిపి నూట యాభై రూపాయలు.

వేసుకుని చూద్దామంటే ఇంట్లో అమ్మ ఒప్పుకోలేదు. "కొత్తవైనా సరే, బూట్లు బూట్లేరా" అంది. దాంతో రోజూ సాయంత్రం మిద్దె మీద గంటసేపు మోకాళ్లు వంచి నిలబడేవాణ్ని. ఎదురింటి పిల్లలు చూడ్డానికి వచ్చేవాళ్లు.

ఆ ఏడాది తేడా మొదటి రోజే తెలిసింది. మూడో ఏడాది గొండోలా (కేబుల్ కార్) రెండో దశలో అఫర్వత్ కొండ మీదికి, అంటే 3,900 మీటర్ల పైకి, పోయే ధైర్యం వచ్చింది. దిగింది నిదానంగానే అనుకోండి.

లేసులు కట్టే పద్ధతి కూడా మార్చా, దానికి పైసా ఖర్చు లేదు. కాలు పెట్టగానే మడమను నేలకేసి రెండుమూడుసార్లు కొట్టి వెనక్కి కూర్చోబెట్టాలి. ముందు లైనర్ తాడు బిగించాలి. బయటి లేసులు పాదం మీద కాస్త వదులుగా, చీలమండ మడత దగ్గర ఒక మెలిక ఎక్కువ వేసి గట్టిగా. ఆ మెలిక ఉంటే పైన బిగించింది కిందికి జారదు. రెండుసార్లు దిగాక మళ్లీ బిగించుకోవాల్సిందే.

నిలవని సంగతులూ ఉన్నాయి. మొదటి మే నెలలోనే అటక మీది వేడికి సొల్యూషన్ కరిగి ప్యాడ్లు ఊడిపోయాయి. ఈసారి పెద్దాయన అంటించి, పై గుడ్డకు మాత్రమే పట్టేట్టు నాలుగు కుట్లు కూడా వేశాడు. నవంబరు వానలకు లైనర్లు బూజు పట్టాయి. అప్పట్నుంచి విడదీసి, న్యూస్‌పేపరు కుక్కి, బీరువాలో పెడుతున్నా. ఇక లైనర్‌లోని ఫోమ్ ఎలాగూ అణుగుతుంది. కొత్త బూట్లు మొదటి పది పదిహేను రోజుల వాడకంలోనే కాస్త వదులవుతాయి, అందుకే కొనేటప్పుడు నిటారుగా నిలబడితే వేళ్లు బూటు ముందు భాగానికి తగలాలి, మోకాళ్లు వంచితే కొంచెం వెనక్కి రావాలి. నావి తగలనే తగలవు. పొడవులో ఉన్న ఆ సెంటీమీటరుకు ఏ ప్యాడూ మందు కాదు. ఒకటిన్నర సైజు తేడా ఉంటే మాత్రం ఇవేవీ చేయకుండా అమ్మేయండి.

కుడి బూటు ఇప్పటికీ బాగుంది. ఎడమదాంట్లో పోయిన జనవరి నుంచి మడమ మళ్లీ లేస్తోంది. లైనర్ జత మార్చడమా, ఎడమ ప్యాడ్ ఒక్కటి ఎనిమిది మిల్లీమీటర్లు చేయించడమా అని చూస్తున్నా. పెద్దాయన ఎనిమిది చాలంటున్నాడు.