ఇంట్లో పాస్ పోసే కుక్కకి ముందు ట్రైనరా, డాక్టరా?

ఎంవీపీ కాలనీలో పొద్దున్నే కుక్కల్ని తిప్పేవాళ్ళం ఓ పదిమంది ఉంటాం. ఒకరి పేరు ఒకరికి తెలీదు, కుక్కల పేర్లే తెలుసు. బ్రూనో వాళ్ళ నాన్న, సింబా వాళ్ళ అమ్మ, అలా. వానలు మొదలయ్యాక నన్ను అందరూ ఒకటే అడుగుతున్నారు: "ఇన్నేళ్ళూ బుద్ధిగా బయటికే వెళ్ళేదండీ, ఇప్పుడు హాల్లో పోసేస్తోంది. ట్రైనర్ని పిలవమంటారా, డాక్టర్‌కి చూపించమంటారా?" నన్నే ఎందుకు అడుగుతారంటే, పోయినేడు మా చిట్టి నాలుగు నెలలపాటు ఇల్లంతా తడిపింది, ఆ సంగతి కాలనీ అంతా తెలుసు.

చిట్టి నాటు కుక్క. ఎనిమిదేళ్ళది, 18 కిలోలు. చిన్నప్పుడే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. అది పడుకున్న బొంత తడిగా ఉంటే మొదట్లో సముద్రం గాలికి చెమ్మ పట్టిందనుకున్నాం. విశాఖలో ఆగస్టులో ఆరేసిన తువ్వాలే ఆరదు కదా. వాసన చూశాక గానీ విషయం తెలీలేదు. అరిచాం. అది తోక ముడుచుకుని డైనింగ్ టేబుల్ కిందకి పోయింది. తర్వాత ఒక ట్రైనర్‌కి నెల డబ్బు కట్టాం. రోజుకి రెండుసార్లు తిప్పేది నాలుగుసార్లు చేశాం. బయట పోసినప్పుడల్లా బిస్కెట్ ఇచ్చాం. చిట్టి లావైంది, బొంత తడుస్తూనే ఉంది. ఆ తర్వాత చూపించిన డాక్టర్ ఉచ్చ పరీక్ష ఏదీ రాయకుండానే ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ ఇచ్చారు. కోర్సు అయ్యాక మళ్ళీ అదే మందు. డబ్బులూ పోయాయి, దాని కడుపూ పాడైంది.

అందుకే ట్రైనరా డాక్టరా అని ఎవరైనా అడిగితే నేను ముందు ఇంకో ప్రశ్న వేస్తాను: అది తెలిసి పోస్తోందా, తెలియకుండా పోతోందా? నా లెక్కలో మిగతాదంతా దీని తర్వాతే.

మూడు రోజులు ఊరికే గమనించండి. పడుకున్న చోట తడి ఉండి, లేచాక అదే ఆశ్చర్యంగా వాసన చూస్తుంటే, దానికి తెలియకుండా కారుతోందన్నమాట. ఆపరేషన్ అయిన ఆడకుక్కల్లో కొన్నిటికి కొన్నేళ్ళ తర్వాత మూత్రం పట్టి ఉంచే కండరం వదులైపోతుంది. నిద్రలో శరీరం సడలగానే కారిపోతుంది. చిట్టికి జరిగింది ఇదే. నిద్రలో జరిగేదానికి ట్రైనింగ్ ఏం చేస్తుంది, అరిస్తే దానికేం అర్థమవుతుంది? ఆ నెల రోజులు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మెలకువగానే ఉండి, తలుపు దగ్గరికి పరిగెత్తి అక్కడే పోసేస్తే అది తెలిసి కూడా ఆపుకోలేకపోతోంది. కొంచెం కొంచెం మాటిమాటికీ పోస్తే ఇన్ఫెక్షనో, మూత్రసంచిలో రాళ్ళో అని అనుమానించాలి. మడుగులు కడుతూ, గిన్నెలో నీళ్ళు కూడా గబగబా ఖాళీ అవుతుంటే షుగరో, కిడ్నీయో, హార్మోన్ల తేడానో కావచ్చు. దురదకి స్టెరాయిడ్ వాడుతున్నా ఇలాగే తాగి, ఇలాగే పోస్తాయి. తాగే నీళ్ళు కొలవడం కష్టమేం కాదు. పొద్దున లీటరు సీసాతో కొలిచి పొయ్యండి, మర్నాడు మిగిలింది చూడండి. రోజుకి కిలో బరువుకి 100 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ కింద లెక్క. మా చిట్టికైతే 1.8 లీటర్లు దాటితేనే కంగారు పడాలి, అది ముప్పావు లీటరు కూడా తాగేది కాదు. (ఆర్కే బీచ్‌లో ఆడించి తెచ్చిన రోజు ఈ లెక్క పెట్టకండి. అలల్లో ఉప్పునీళ్ళు మింగితే ఏ కుక్కైనా ఇంటికొచ్చి గిన్నె గిన్నె తాగుతుంది.)

కాలెత్తి సోఫా మూల, తలుపు అంచు మీద చెంచాడు చల్లిపోతే మాత్రం అది పూర్తిగా తెలిసి చేసే పనే.

మొదటి రెండూ డాక్టర్ పని. వెళ్ళేటప్పుడు ఉత్త చేతులతో వెళ్ళొద్దు, పొద్దున మొదటిసారి పోసే ఉచ్చ పట్టుకెళ్ళండి. ఎలా పట్టాలంటారా? మగకుక్కకి చిన్న గిన్నె చాలు. ఆడకుక్క నేలకి ఆనుకుని కూర్చుంటుంది కాబట్టి నేను పాత గరిటె వాడాను. ఆ రోజు మా వాచ్‌మన్ చూసిన చూపు మర్చిపోలేను. తర్వాత ఆ గరిటె వంటింట్లోకి మళ్ళీ రాలేదని మా అత్తగారికి రెండుసార్లు ఒట్టేసి చెప్పాల్సొచ్చింది. మెడికల్ షాపులో దొరికే శుభ్రమైన డబ్బాలో పోసి వెంటనే ఇవ్వాలి, ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టాలి. సూక్ష్మజీవుల్ని పెంచి చూసే కల్చర్ పరీక్ష చేయాలంటే ఇలా పట్టింది అంత పనికిరాదు. డాక్టర్ పొట్ట మీంచి సన్న సూదితో నేరుగా మూత్రసంచి నుంచి తీస్తారు. చూడ్డానికి మనకి భయం గానీ చిట్టి కదలను కూడా లేదు. ఇన్ఫెక్షన్ లేదని తేలాకే అసలు మందు మొదలైంది, కొన్ని వారాలకి బొంత పొడిగా ఉండటం మొదలైంది. ఈ కండరం బిగించడానికి వాడే ఫినైల్‌ప్రొపనోలమైన్ లాంటి మందు బీపీ పెంచగలదు. కాబట్టి పక్కింటి కుక్క చీటీ చూసి కొనకండి.

రెండు సందర్భాల్లో మాత్రం మూడు రోజుల గమనింపూ వద్దు, ఆ రోజే వెళ్ళాలి. మగకుక్క ముక్కుతూ చుక్క కూడా పోయలేకపోతే ఒకటి. ఆపరేషన్ కాని ఆడకుక్క ఎదకొచ్చి వెళ్ళిన కొన్ని వారాలకి విపరీతంగా నీళ్ళు తాగుతూ నీరసంగా ఉంటే రెండోది, గర్భసంచిలో చీము పట్టి ఉండొచ్చు. వానాకాలంలో ఎలుకల వల్ల వచ్చే లెప్టో జబ్బు కుక్క ఉచ్చ ద్వారా మనకీ అంటుతుంది. జబ్బుగా ఉన్న కుక్కది తుడిచేటప్పుడు గ్లౌజులు వేసుకోండి.

ట్రైనర్ పక్షాన కూడా చెప్పాలి. ఒంట్లో ఏమీ లేదని తేలాక ఆ పని వాళ్ళదే. వానకి తడవడం ఇష్టం లేక గేటు దగ్గరే వెనక్కి తిరిగే కుక్కలున్నాయి. దీపావళి టపాసులకి, నేవీ విన్యాసాలకి జెట్లు నెత్తి మీంచి వెళ్ళినప్పుడు వణికిపోయి పోసేవీ ఉన్నాయి. కొత్త సోఫా, కొత్త కుక్క, కొత్త పాపాయి వస్తే గుర్తులు పెట్టే మగకుక్కల సంగతి సరేసరి. వీటికి ఓపికగా మళ్ళీ మొదటినుంచి నేర్పితే ఫలితం ఉంటుంది. గుర్తులు పెట్టేవాటిలో చాలావాటికి ఆపరేషన్ కూడా పనిచేస్తుంది. ముక్కు నేలకి రాస్తానని చెప్పే ట్రైనర్ని మాత్రం గుమ్మంలోంచే పంపించెయ్యండి.

మిగతావాటి గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. డైపర్ రైలు ప్రయాణానికి, చుట్టాలొచ్చిన పూటకి సరే. మన ఉక్కపోతలో గంటలతరబడి ఉంచితే చర్మం పుండవుతుంది. ప్యాడ్లు ముసలి కుక్కలకి పనికొస్తాయి. నీళ్ళు తగ్గించడం అసలు వద్దు. తుడవడానికి ఫినాయిల్ వాసన మన ముక్కుకే, కుక్క ముక్కుకి కింద ఉన్న ఉచ్చ తెలుస్తూనే ఉంటుంది. దానికి ఎంజైమ్ క్లీనర్లు వేరే దొరుకుతాయి. ఉచ్చ మీద బ్లీచింగ్ మాత్రం పొయ్యకండి, ఆ పొగ కళ్ళు, గొంతు మండిస్తుంది.

ఇదంతా విని బ్రూనో వాళ్ళ నాన్న కూడా గరిటె పట్టుకుని మూడు రోజులు తిరిగారు. రిపోర్టులో ఏమీ లేదు. వాళ్ళింట్లో కొత్త సోఫా వచ్చి రెండు వారాలైందట. ట్రైనర్ వచ్చే ఆదివారం వస్తానన్నాడు, అప్పటిదాకా సోఫా కాళ్ళకి ప్లాస్టిక్ కవర్లు కట్టి ఉంచారు.