చేతికి తెలిసే బండి: విశాఖలో నా మారుతి 800

తయారీ ఆగిపోయి ఇంతకాలమయ్యాక మారుతి 800 గురించి సమీక్ష ఎందుకని కొందరికి అనిపించవచ్చు. 1983 డిసెంబరులో మొదటి బండి తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా అందించిన నాటి నుంచి 2014 జనవరిలో ఉత్పత్తి ఆగేవరకు ఈ బండి మైలేజీ గురించీ ధర గురించీ మాట్లాడుకోని ఇల్లు లేదు కనుక ఆ సంగతులు మళ్ళీ ఎత్తను. ఈ బండి నడుపుతున్నప్పుడు రోడ్డు ఎలా ఉందో, టైరు ఏ పట్టులో ఉందో, ఇంజను మీద ఎంత భారం పడుతోందో నా చేతులకూ పాదాలకూ నేరుగా తెలుస్తుంది. ఒక యంత్రం మీద ఇంత మమకారం పెరగడానికి నా వరకు కారణం అదే. దాని గురించే రాస్తున్నాను.

2010 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-4 వాహన కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చినప్పుడు హైదరాబాదుతో సహా 13 నగరాల్లో కొత్త 800 అమ్మకాలు నిలిచిపోయాయి. విశాఖపట్నం ఆ జాబితాలో లేదు. ఆ ఏడాది చివర్లో కూడా నాకు ఇక్కడ కొత్త బండి దొరికిందంటే కారణం అదే. అంతకంటే సదుపాయాలున్న బండ్లు కాస్త ఎక్కువ ధరకు వస్తున్నాయని ఇంట్లో అందరూ చెప్పినా, డ్రైవింగ్ నేర్చుకున్నది 800 మీదే కాబట్టి దాని మీదికే మనసు పోయింది. ఏపీ 31 నంబరు పలకతో ఇంటికి వచ్చిన ఆ బండినే నేటికీ నడుపుతున్నాను.

దీనికి పవర్ స్టీరింగ్ లేదు. మలుపులో తిరిగిన చక్రం మళ్ళీ తిన్నగా రావాలని లాగుతుంది; ఆ లాగుడు చక్రాలను తిప్పే పళ్ళ పట్టీ అయిన స్టీరింగ్ ర్యాక్ గుండా, కడ్డీ గుండా అరచేతుల్లోకి వస్తుంది. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఉన్న బండ్లలో మోటారు శ్రమ తగ్గిస్తూనే ఈ కబురులో చాలా భాగాన్ని దారిలోనే మింగేస్తుంది. మా అమ్మాయి ఆటోమేటిక్ కారును నేను నడిపినప్పుడల్లా నాకీ తేడా స్పష్టంగా తెలుస్తుంది. అది హాయిగా, మెత్తగా పోతుంది, దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. కానీ వాన కురుస్తున్న రోజు టైర్ల కింద ఏం జరుగుతోందో మాత్రం ఆ కారులో నాకు అందదు.

జోడుగుళ్ళపాలెం దాటి రుషికొండ వైపు వెళ్ళేటప్పుడు, గాలి గట్టిగా వీచిన రోజుల్లో బీచ్ రోడ్డు అంచున సన్నని ఇసుక పొర పేరుకుంటుంది. పగలే అది కంటికి సరిగా ఆనదు, ఇక రాత్రి చెప్పనే అక్కర్లేదు. 800లో అయితే ముందు చక్రాలు ఆ ఇసుక మీదికి ఎక్కగానే, అంతవరకు చేతిని మెల్లగా లాగుతున్న స్టీరింగ్ ఉన్నట్టుండి తేలికవుతుంది. నేను యాక్సిలరేటరు మీద నుంచి కాలు కొద్దిగా తీస్తాను, రెండు మూడు గజాల తరువాత ఆ బరువు మళ్ళీ చేతిలోకి వస్తుంది. కళ్ళు చూడలేకపోయిన దాన్ని బండి చెప్పి ముందుకు తీసుకుపోయినప్పుడు కలిగే ఆత్మీయత మాటల్లో పెట్టడం కష్టం.

ఆ ఆత్మీయత నమ్మకంగా మారింది అనంతగిరి ఘాట్‌లో. వలిసె పూల కాలంలో మావారూ అత్తగారూ నేనూ అరకు వెళ్ళి తిరిగి వస్తున్నాం. డముకు దాటాక, రెండో గేరులో ఇంజను బిగువు మీదే దిగుతుండగా, ముందున్న మలుపు కోసం క్లచ్ నొక్కాను. పెడల్ కింద ఏదో ఠప్పుమంది. ఆ తరువాత పెడల్‌కు ఏ ప్రతిఘటనా లేదు, నేలకు అతుక్కుపోయింది. క్లచ్ కేబుల్ తెగింది, ఇక గేరు మార్చేటప్పుడు ఇంజనును గేర్ల నుంచి విడదీయడానికి వీల్లేదు. కేబుల్ అనేది ఏ బండిలోనైనా అరిగే వస్తువే. ఇది పైగా బయట దుకాణంలో కొని వేయించినది.

బండి పక్కకు తీసి ఆపాం. ఫోన్లలో సిగ్నల్ లేదు. ఎవరినైనా పంపి టోయింగ్ బండి పిలిపిద్దామని మావారు అన్నారు. ఆయన మాట సబబుగానే ఉంది. కానీ పొద్దు వాలుతోంది, అత్తగారికి అప్పటికే నడుము నొప్పి, బ్రేకులు మాత్రం చక్కగా పనిచేస్తున్నాయి. “ఏమండీ, క్లచ్ లేకపోయినా ఇది దిగుతుంది, నాకు దీని చప్పుడు తెలుసు” అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, ఒక్క షరతు పెట్టారు: దిగువనున్న టైడా ఊరు చేరేలోపు ఎక్కడైనా నాకు అనుమానం వస్తే ఆపేయాలి.

ఈ మధ్య వస్తున్న చాలా కార్లలో క్లచ్ నొక్కితేనే స్టార్టరు తిరుగుతుంది. 800లో ఆ అడ్డు లేదు. ఇంజను ఆపి, మొదటి గేరు వేసి, తాళం తిప్పాను. స్టార్టరు మోటారే బండిని రెండడుగులు ముందుకు కుదిపింది, ఆ కుదుపులోనే ఇంజను అందుకుంది. అసలు పని ఆ తరువాత మొదలైంది. మొదటి గేరు నుంచి రెండోదానికి వెళ్ళాలంటే యాక్సిలరేటరు వదులుతూ గేరు రాడ్డును వేళ్ళతో మాత్రమే వెనక్కి నెట్టి ఉంచాలి. ఇంజను బండిని లాగనూ లాగక, ఆపనూ ఆపక ఉండే ఒక క్షణం వస్తుంది. ఆ క్షణంలో రాడ్డు బలవంతం లేకుండా వదులై వచ్చేస్తుంది. న్యూట్రల్‌లో ఆగి ఇంజను వేగం తగ్గుతుంటే వినాలి. రెండో గేరుకు సరిపడే చోటికి ఆ చప్పుడు దిగినప్పుడు రాడ్డు తనంతట తానే లోపలికి జారుతుంది. గేరు తగ్గించాలంటే ఇదే పని తిరగేసి చేయాలి: న్యూట్రల్‌లో యాక్సిలరేటరును కొంచెం తొక్కి, చప్పుడు పైకి లేచాక గేరు వేయాలి. ఇంజను వేగం చూపే మీటరు ఈ బండిలో లేదు. చెవి ఒక్కటే ఆధారం. మూడు సిలిండర్ల ఇంజనుకు ఉండే ఆ కాస్త అదురు సీటు కిందికి కూడా వస్తుంది కాబట్టి, మలుపుల్లో గాలి హోరుకు చెవికి అందని చోట ఆ అదురును బట్టి తెలుసుకున్నాను.

ఘాట్ దిగువన ఒక మేకల మంద రోడ్డుకు అడ్డం పడింది. న్యూట్రల్‌లోకి లాగి, బ్రేకు వేసి, ఇంజను ఆపి, మంద దాటేవరకు వేచి, మళ్ళీ మొదటి గేరులో స్టార్టరుతోనే కదిలాను. ఒక్కచోట మాత్రం మూడో గేరు వేయడంలో తొందర ఎక్కువై లోపల పళ్ళు గరగరలాడాయి, అత్తగారు “అయ్యో, దానికి నొప్పెడుతోందే” అన్నారు. ఆవిడ ఆ మాట పరిహాసానికి అనలేదు. బొడ్డవర దాటి శృంగవరపుకోటలో రోడ్డు పక్కన కనిపించిన మెకానిక్ షెడ్డు ముందు ఆపినప్పుడు అతను తెగిన కేబుల్ బయటికి లాగి చూసి, “ఏటమ్మా, క్లచ్చి లేకుండానే కొండ దింపీసారా?” అని నిలబడిపోయాడు. కేబుల్ కొసన పోగుల్లో చాలా వరకు తుప్పు రంగులో ఉన్నాయి, అవి ఎప్పుడో తెగినవి; చివరివరకు బరువు మోసిన నాలుగైదు పోగుల కొసలు మాత్రం కొత్త వెండిలా మెరుస్తున్నాయి. 800 కేబుల్ కోసం వెతుక్కోవలసిన పని లేదు, గోడకు వేలాడుతున్న గుత్తిలోనే ఉంది. చీకటి పడేలోపు బిగించి పంపాడు.

నేను ఇంతగా మెచ్చుకుంటున్న లక్షణం అన్నిచోట్లా సుఖమని అనలేను. పూర్ణా మార్కెట్ పరిసరాల్లో ఇరుకు సందులో బండి వెనక్కి తీసి పెట్టాలంటే ఆ స్టీరింగే భుజాలను పిండేస్తుంది. యాభై దాటాక ఆ బరువు నాకు ఏటేటా ఎక్కువగా తెలుస్తోంది. విజయనగరం వైపు జాతీయ రహదారి మీద లారీ దాటిపోయినప్పుడు దాని గాలి తాకిడికి తేలికైన ఈ బండి పక్కకు ఊగుతుంది, ఆ ఊపు కూడా చేతికే వస్తుంది. బీచ్ రోడ్డు మీద ఆప్తమిత్రుడి మాటలా అనిపించినదే అక్కడ గంటసేపు వదలకుండా సాగితే అలసట. ఏసీ వేసుకుని సింహాచలం కొండ ఎక్కడం కూడా దీనికి భారమే. ఎక్కేటప్పుడు ఏసీ ఆపి అద్దాలు దింపుకుంటాం.

ఇక ఉప్పుగాలి. మా ఇల్లు పెదవాల్తేరులో, సముద్రానికి దగ్గర. ఈ ఊళ్ళో ఇనుము అన్నది ఏదైనా తుప్పుతో పోరాడవలసిందే. తలుపుల అడుగు అంచులు ముందు పోయాయి, తరువాత ఎడమవైపు ముందు సీటు దగ్గర నేల రేకు పోయింది. పాత రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయించాం, వానలు తగ్గాక ప్రతి ఏటా అడుగున కోటింగ్ వేయిస్తున్నాం. ఈ ఖర్చులు కలిపి లెక్క వేస్తే బండి విలువను ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడినప్పుడు కొమ్మ విరిగిపడి బానెట్ మీద పడ్డ సొట్టను మాత్రం నేను సరిచేయించలేదు. ఆ తరువాత కరెంటు లేని రోజుల్లో మా వీధిలో చాలామంది ఫోన్లు ఈ బండి బ్యాటరీ మీదే చార్జి అయ్యాయి. ఆ సొట్ట అలాగే ఉండాలని నా కోరిక.

పదిహేనేళ్ళు నిండినప్పుడు రిజిస్ట్రేషన్ పొడిగించాలా, తుక్కుకు ఇవ్వాలా అన్న ప్రశ్న వచ్చింది. 2022 ఏప్రిల్ నుంచి కార్ల రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెరిగింది, దానికి తోడు హరిత పన్ను, ఫిట్‌నెస్ పనులు. అన్నీ చేయించి మరో ఐదేళ్ళకు పొడిగించాను. ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. ఘాట్ దిగిన ఆ సాయంత్రం తరువాత మావారు ఈ బండిని అమ్ముదామని అనడం మానేశారు.

అయితే నా పరిస్థితి వేరు. నాకు రోజూ వెళ్ళే దూరం తక్కువ, పొద్దున్నే రద్దీ లేని వేళ బయటికి వెళ్ళి వచ్చేస్తాను, దీని గుణదోషాలు తెలిసిన మెకానిక్ కంచరపాలెంలో ఉన్నాడు, దూరప్రయాణాలకు ఇంట్లో ఇంకో కారు ఉంది. ఎయిర్‌బ్యాగులు లేని ఈ బండిలో మనవడిని ఎక్కించుకుని హైవే మీదికి నేను వెళ్ళను, మా అమ్మాయీ ఒప్పుకోదు. చిన్నపిల్లలున్నవారికీ, రోజూ గాజువాక దాకా ట్రాఫిక్‌లో వెళ్ళి రావలసినవారికీ, ఉన్న ఒక్క బండితోనే అన్ని పనులూ నడవాలనుకునేవారికీ దీన్ని కొనమని చెప్పలేను.

రెండో బండిగా, నడపడంలో ఉన్న ఆనందం కోసమే పాత 800 కొనాలనుకునేవారు విశాఖలో ఉంటే మాత్రం ఒక మాట. ఇంజను చూడటానికి ముందే కాళ్ళ కింది మ్యాట్లు ఎత్తి నేల రేకును వేలితో నొక్కి చూడండి, తలుపులు తెరిచి అడుగు అంచులు తడమండి. సముద్రానికి దూరంగా పెందుర్తి వైపు పెరిగిన బండి దొరికితే అంతకంటే మేలు. క్లచ్ పెడల్ రోజురోజుకూ గట్టిపడుతోందని పాదానికి అనిపిస్తే, తెగేదాకా చూడకుండా కేబుల్ మార్పించండి.