బండిని కట్టే బెల్టులు, ర్యాంపు, చాక్: ఆరేళ్లు వాడాక

మట్టిదారుల్లో నడిపే మోటార్‌సైకిల్ కొన్నప్పుడు దాన్ని రోడ్డు మీద నడుపుకుంటూ వెళ్లే వీల్లేదు కాబట్టి ఎక్కించి తీసుకెళ్లే సరంజామా అంతా ఒకేసారి కొన్నాను. పిడిని ఆడిస్తే పన్ను పన్నుగా బిగిసే నాలుగు రాచెట్ బెల్టులు, కొసను చేత్తో లాగితే బకిల్ పళ్లు పట్టి ఉంచే రెండు క్యామ్ బకిల్ బెల్టులు, హుక్కు తగిలించడానికి బండికి చుట్టే మెత్తటి పట్టీ ఉంగరాలు, అంటే సాఫ్ట్ లూపులు నాలుగు, ముందు చక్రం ఇరికించే ఇనుప చాక్, బండి ఎక్కించే మడత అల్యూమినియం ర్యాంపు. మొదట్లో 110 కిలోల బండికి, తర్వాత 190 కిలోల రోడ్డు బండికి, ట్రైలర్ మీదా చిన్న ట్రక్కులోనూ ఇవే వాడాను. ఆరేళ్లయింది.

మొదటి ఏడాది ముందువైపు కూడా రాచెట్లే వేసేవాణ్ణి. బలమైనవి కదా అన్న ధీమా. చిక్కంతా ఆ బలంలోనే ఉంది. రాచెట్ పిడి చిన్న తోపుకే ఎంతో లాగేస్తుంది, ఎంత లాగిందో చేతికి తెలియదు. ఇంకో రెండు పళ్లు, ఇంకో రెండు పళ్లు అనుకుంటూ ఫోర్క్‌ను, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే స్ప్రింగు గొట్టాల జతను, అడుగంటా నొక్కేశాను. దిగి చూస్తే హ్యాండిల్ క్లాంపుల్లోనే తిరిగి ముందుకు వాలిపోయి ఉంది. అలా కడితే ఫోర్క్‌లోని ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీళ్లు పోతాయని చాలామంది భయపడతారు, నా బండికి మాత్రం ఎప్పుడూ ఆయిల్ కారలేదు. నా భయం వేరు. ఫోర్క్ పూర్తిగా నొక్కుకుపోతే ఇక స్ప్రింగు పని చేయదు, గుంతలో పడిన ప్రతి దెబ్బా నేరుగా బెల్టుకూ హుక్కుకూ తగులుతుంది.

అది చూసి భయపడి తర్వాతిసారి మరీ వదులుగా కట్టాను. ఒక గుంతలో ఫోర్క్ దిగగానే బెల్టు సడలి, మూత లేని ఎస్ హుక్కు జారిపోయింది. బండి పక్కకు ఒరిగి రెండో బెల్టు మీద వేలాడుతూ ఉంది. అద్దంలో చూసి ఆగాను కాబట్టి సరిపోయింది. ఆ రోజే మూత లేని హుక్కులన్నీ తీసేసి, స్ప్రింగు మూత ఉన్నవి తెచ్చుకున్నాను. ఆ విషయంలో బేరం చూడకండి.

అప్పటినుంచి ముందువైపు క్యామ్ బకిళ్లే. వీటిని చేత్తో లాగాలి, కాబట్టి చెయ్యి ఎంత లాగితే అంతే బిగుతుంది. ఒకరు హ్యాండిల్ మీద బరువు వేసి నొక్కుతుంటే రెండువైపులా మార్చి మార్చి లాగుతాను. ఫోర్క్ కదలికలో మూడో వంతు నుంచి సగం దాకా దిగితే ఆపేస్తాను. బెల్టులు ముందుకూ పక్కలకూ చాచి, పైనుంచి చూసినా పక్కనుంచి చూసినా దాదాపు 45 డిగ్రీల వాటంలో ఉండాలి. క్యామ్‌కూ లోపం ఉంది. బురదో వానో తగిలితే పళ్ల పట్టు తగ్గి కొద్దికొద్దిగా జారుతుంది. అందుకే మిగిలిన కొసను బకిల్ దగ్గరే ముడి వేస్తాను. రాచెట్లు వెనక్కి మారాయి. అక్కడ వెనక చక్రం పక్కకు గెంతకుండా పట్టుకుంటే చాలు, గట్టిగా బిగించే పని లేదు.

సాఫ్ట్ లూపులు ఈ సామాన్లలో చిన్నవే కానీ నాకు ఎక్కువ మేలు చేసినవి. రోడ్డు బండికి హ్యాండిల్ మీద కట్టడం మానేసి, ఫోర్క్ గొట్టాలు రెండింటినీ కలిపి పట్టుకునే కింది ప్లేటుకు లూపులు వేశాను. బ్రేకు పైపు, వైర్లు లూపు కింద నలగకుండా వేలితో తడిమి చూడాలి. రంగుకు రాసుకునే చోట గుడ్డ చుట్టాలి. మూడో ఏట రెండు లూపుల కుట్లు పోగులు లేచాయి, మార్చేశాను.

చాక్ గురించి చెప్పేది కొంచెమే, మెచ్చుకోలు మాత్రం నిండుగా. ట్రైలర్ నేలకో ట్రక్కు నేలకో బోల్టులతో బిగించాక ముందు చక్రం అందులో దిగితే బండి తానే నిలబడుతుంది, ఒక్కణ్ణే కట్టుకోగలను. సైడ్ స్టాండు మీద ఉంచి కట్టడం మాత్రం వద్దు. బెల్టులు కిందికి లాగుతుంటే ఆ బరువంతా స్టాండు మీదా, అది అతికిన చోటా పడుతుంది.

కొని బాధపడింది ర్యాంపు విషయంలోనే. పొడవు 1.5 మీటర్లు. ట్రైలర్‌కు బాగానే ఉంది కానీ ట్రక్కు నేల 75 సెంటీమీటర్ల ఎత్తుంటే వాలు 30 డిగ్రీలవుతుంది. రోడ్డు బండి పొట్ట ర్యాంపు పై అంచుకు గీసుకుంది. 2.1 మీటర్లది తెచ్చాక అదే ఎత్తుకు వాలు 21 డిగ్రీల దగ్గరికి వచ్చింది. ఏ ర్యాంపైనా పై కొసను బండి ఎక్కే వాహనానికి బెల్టుతో కట్టాల్సిందే. వెనక చక్రం తన్నితే ర్యాంపు వెనక్కి జారిపోతుంది. దించేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. బండి వెనక్కి దిగుతుంటే బరువంతా వెనక చక్రం మీదే ఉంటుంది, ముందు బ్రేకు పట్టినా చక్రం ఆగి జారుతుంది. అందుకని ఇంజిన్ ఆపి, మొదటి గేరులో పెట్టి, క్లచ్ వదులుతూ పడుతూ దించుతాను. వెనక బ్రేకు పని అదే చేస్తుంది.

బయలుదేరిన 15 కిలోమీటర్లకు ఒకసారి ఆగుతాను. ప్రతిసారీ ఏదో ఒక బెల్టు కాస్త సర్దుకుని ఉంటుంది. బెల్టుకు ఒక మెలిక వేస్తే గాలికి బుర్రుమని కొట్టుకోదు. ట్రైలర్ అయితే బండి బరువు ఇరుసుకు కాస్త ముందుకు పడాలి. లాగే కొక్కెం మీద మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉంటే తోక ఊపదు.

కొనేటప్పుడు లేబుల్ మీద తెగే బలం కాదు, పని భారం, అంటే వాడకంలో బెల్టు మీద వేయదగ్గ బరువు చూడండి. సాధారణంగా అది తెగే బలంలో మూడో వంతే ఉంటుంది. పాలిస్టర్ బెల్టులే తీసుకోండి, నైలాన్ సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. ఎండ మాత్రం పాలిస్టర్‌నూ వదలదు. నా క్యామ్ బెల్టులు రంగు వెలిసి గట్టిపడ్డాయి, లేబుల్ మీద అక్షరాలు చెరిగిపోయాయి. ఈ వారం కొత్తవి తెచ్చి, పాతవాటిని ఇంకెవరూ వాడకుండా మధ్యకు కోసి పడేశాను.