సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ళకి జాగ్రత్త: నా స్టీరింగ్‌లో ఎయిర్ బ్యాగు లేదు

మొన్నటిదాకా నా కారులో రెండు ఎయిర్ బ్యాగులు ఉన్నాయని నమ్మాను. ఒక్కటి కూడా లేదు. స్టీరింగ్ మధ్యలో ఎయిర్ బ్యాగ్ అని అక్షరాలున్న మూత ఉంది, దాని వెనక ఖాళీ. ఎడమవైపు డ్యాష్‌బోర్డు మీద కూడా అక్షరాలున్నాయి, దాని కింద స్పాంజి ముక్క. ఏడు నెలలుగా ఈ బండిలో నా భార్యని, ఆరేళ్ళ కూతుర్ని ఎక్కించుకుని తిరుగుతున్నాను.

వివరాలు ఎక్కువ చెప్పను. బెంగళూరులో మన వైపు వాళ్ళు చాలామంది ఆ పాత కార్ల యార్డులోనే కొన్నారు, మీకు అర్థమయ్యే ఉంటుంది. కేసు వేయబోతున్నాను కాబట్టి పేరు రాయడం లేదు. ఆ యార్డు నడిపే అతనిది మా అనంతపురం వైపే. ఆఫీసులో ఒకాయన చెబితే వెళ్ళాను. 2020 మోడల్ తెల్ల హ్యాచ్‌బ్యాక్, 42 వేల కిలోమీటర్లు, 4 లక్షల 85 వేలు. ఆగస్టులో కొన్నాను.

ఆ రోజు నేను ఏమేం చూశానో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తోంది. టైర్లు చూశాను. ఏసీ చూశాను. బానెట్ ఎత్తి ఆయిల్ చూశాను. టచ్ స్క్రీన్‌కి ఫోన్ కలుస్తుందా లేదా అని పది నిమిషాలు చూశాను. పది వేలు తగ్గించమని గంట సేపు బేరమాడాను. గుద్దుకుంటే మమ్మల్ని కాపాడేది పనిచేస్తుందా అని మాత్రం ఒక్క మాట అడగలేదు. మా ఆవిడ అడిగింది. అతను స్టీరింగ్ మీద అరచేత్తో తట్టి, "ముందర రెండు ఎయిర్ బ్యాగులు ఉండాయి వదినా, పాపకి ఏం భయం లేదు" అని పాప బుగ్గ గిల్లాడు. డెలివరీ రోజు ఒక చిన్న వెంకటేశ్వరస్వామి విగ్రహం తెచ్చి, డ్యాష్‌బోర్డు మీద ఎడమవైపు తనే అంటించాడు. "స్వామి ఉంటే అంతా మంచే అన్నా" అన్నాడు. మేమిద్దరం దండం పెట్టుకున్నాం.

ఆ తర్వాత ఈ బండిలో ఆరుసార్లు ఊరికి వెళ్ళొచ్చాం. దేవనహళ్ళి దాటి, బాగేపల్లి టోల్ దాటి, హైవే ఖాళీగా కనిపిస్తే వంద మీదే పోయేవాణ్ణి. ఎయిర్ బ్యాగులు ఉన్నాయన్న ధైర్యం ఒకటి.

పది రోజులుగా హారన్ ఒకసారి మోగి ఒకసారి మోగకుండా సతాయిస్తోంది. శనివారం మా ఇంటి దగ్గరి గ్యారేజీకి తీసుకెళ్ళాను. మెకానిక్ కన్నడాయన, పెద్ద వయసు. ముందు బ్యాటరీ టెర్మినల్ విప్పి, పక్కన కూర్చుని టీ తాగాడు. ఎందుకని అడిగితే, ఎయిర్ బ్యాగు కంట్రోల్ యూనిట్‌లో కొంత కరెంటు దాచి ఉంటుందని, బ్యాటరీ తీసినా కొన్ని నిమిషాలు అది పోదని చెప్పాడు. గుద్దినప్పుడు బ్యాటరీ నలిగిపోయినా బ్యాగు తెరుచుకోవాలని అలా పెడతారట. అంత జాగ్రత్తగా స్టీరింగ్ మూత విప్పాడు. విప్పి, లోపలికి చూసి, నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఇదరొళగె ఏనూ ఇల్ల సార్."

దీని లోపల ఏమీ లేదు అంటున్నాడని నాకు అర్థమైంది, కానీ తలకెక్కలేదు. బ్యాగుకి తగిలించాల్సిన పసుపు కనెక్టర్ ఉంది. దాని రెండు పిన్నుల మధ్య బియ్యపుగింజ కంటే కాస్త పెద్దగా ఒక రెసిస్టర్, అంటే కరెంటుని కొంత అడ్డుకునే చిన్న ముక్క, గుచ్చి, నల్ల టేపు చుట్టి ఉంది. నిజమైన బ్యాగులో దాన్ని పేల్చడానికి ఉండే ఇగ్నైటర్‌కి రెండు మూడు ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటుంది. అంతే విలువున్న రెసిస్టర్ పెడితే, బ్యాగు అక్కడే ఉందని కంట్రోల్ యూనిట్ అనుకుంటుంది. అందుకే మీటర్‌లో ఎయిర్ బ్యాగు లైటు తాళం తిప్పగానే వచ్చి, కొన్ని సెకన్లకి మామూలుగానే ఆరిపోయేది. రోజూ అది చూసి అంతా బాగుందనుకున్నాను.

ఎడమవైపు చూద్దామంటే విగ్రహం అడ్డం. దాన్ని నేనే తీశాను. దాని అడుగున వెంట్రుకంత సన్నటి గీత, డ్యాష్‌బోర్డు చీలి మళ్ళీ ఫైబర్‌తో పూడ్చి రంగేసిన గీత. సరిగ్గా దాని మీదే స్వామిని అంటించాడు. నాకు డబ్బు పోయిందన్న బాధ కంటే ఇది ఎక్కువగా ఉంది. తప్పు కప్పిపెట్టడానికి దేవుడి బొమ్మని వాడుకున్నాడు, నా చేత దానికి దండం పెట్టించాడు.

రెసిస్టర్ జేబులో వేసుకుని, గ్యారేజీ నుంచి ఆటోలో నేరుగా యార్డుకి వెళ్ళాను. అతను ఒక జంటకి ఎర్ర కారు చూపిస్తున్నాడు. వాళ్ళతో మూడు నాలుగేళ్ళ బాబు ఉన్నాడు. నన్ను చూడగానే నవ్వి, "రా అన్నా, కాఫీ తాగుదువు" అని లోపలికి తీసుకెళ్ళాడు. నేను ఏమీ మాట్లాడకుండా ఆ రెసిస్టర్ టేబుల్ మీద పెట్టాను.

అతను దాన్ని చూశాడు. ఏంటిది అని అడగలేదు.

అదే నేను మర్చిపోలేకపోతున్నాను. ఎవరికైనా టేబుల్ మీద ఒక వైరు ముక్క లాంటిది పెడితే "ఏందన్నా ఇది" అంటారు కదా. అతను అడగలేదు. లేచి తలుపు దగ్గరగా వేశాడు, బయటి వాళ్ళకి వినపడకుండా. ఆ తలుపు వేయడంతోనే నాకు అంతా తెలిసిపోయింది. తెలిసే అమ్మాడు. తెలిసే పాప బుగ్గ గిల్లాడు.

తర్వాత అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "లైటు రావడంలే కదన్నా, ఇంగేమి?" అన్నాడు. నేను గొంతు పెంచితే, "యాక్సిడెంట్ అయితే కదా దాంతో పని. నువ్వేమన్నా రోజూ పోయి గుద్దుకుంటావా? సీటు బెల్టు ఉంది, పెట్టుకో" అన్నాడు. చివరికి సొరుగులోంచి డెలివరీ కాగితం తీసి, బండిని ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నానన్న లైను కింద నా సంతకం చూపించాడు. అది నా సంతకమే. చదవకుండా పెట్టాను.

నేను తలుపు తీసుకుని బయటికి వచ్చి, ఆ జంటకి తెలుగులో, వచ్చీరాని కన్నడలో చెప్పాను, స్టీరింగ్ విప్పి చూడకుండా కొనొద్దని. అతని కుర్రాళ్ళు ఇద్దరు నా భుజం పట్టి గేటు దాకా నడిపించారు. ఆ జంట కొన్నారో వెళ్ళిపోయారో తెలియదు.

సోమవారం బండిని ఆ కారు కంపెనీ సర్వీస్ సెంటర్‌కి పంపించాను. అక్కడ చెప్పింది విన్నాక బెల్టు మాట కూడా అబద్ధమని తేలింది. గుద్దినప్పుడు బెల్టుని వెనక్కి గట్టిగా లాగి మనిషిని సీటుకి బిగించి పట్టేది ఒకటి ఉంటుంది, ప్రీటెన్షనర్ అంటారు. అది కూడా బ్యాగులతోపాటే పాత యాక్సిడెంట్‌లో పేలిపోయింది. ముందు రెండు సీట్లకీ ఏదో వేరే బండి బెల్టులు తెచ్చి బిగించారు. బెల్టు అడుగున కుట్టిన చీటీ మీద తయారీ సంవత్సరం 2016 అని ఉంది. బండి 2020ది. ఏడు నెలలు రోజూ లాగి పెట్టుకున్న బెల్టు, ఒక్కసారి చీటీ తిప్పి చూసి ఉంటే దొరికిపోయేవాడు. డ్యాష్‌బోర్డు విప్పితే మూలల్లో తెల్లటి పొడి ఇంకా ఉంది. బ్యాగు మడతలు అతుక్కోకుండా వేసే పొడి, తెరుచుకున్నప్పుడు పొగలా లేస్తుంది. రెండు బ్యాగులు, డ్యాష్‌బోర్డు, బెల్టులు, కంట్రోల్ యూనిట్ అన్నీ కొత్తవి వేయడానికి 1 లక్షా 60 వేలు ఎస్టిమేట్ ఇచ్చారు.

అక్కడి టెక్నీషియన్ ఓపికగా చెప్పాడు, అది ఎలా పనిచేస్తుందో. బండి గుద్దగానే వేగం ఒక్కసారిగా పడిపోవడాన్ని సెన్సర్లు పసిగడతాయి. కంట్రోల్ యూనిట్ ఇగ్నైటర్‌ని కాలుస్తుంది, ఇన్‌ఫ్లేటర్ అనే డబ్బాలోని రసాయనం మండి గ్యాస్ పుడుతుంది, బ్యాగు గంటకి దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో బయటికి వస్తుంది. గుద్దినప్పటి నుంచి బ్యాగు నిండేదాకా మొత్తం సెకనులో ఇరవయ్యో వంతు. రెప్పపాటు కంటే తక్కువ. నిండగానే వెనక రంధ్రాల్లోంచి గాలి పోతూ ఉంటుంది, అందుకే తల మెత్తగా దిగబడుతుంది. ఒక్కసారే పనికొస్తుంది. ఒకసారి తెరుచుకున్నాక మళ్ళీ మడిచి పెట్టేది కాదు, కొత్తది వేయాల్సిందే. వేయడానికి డబ్బు ఖర్చవుతుందనే ఈ రెసిస్టర్ పని.

అప్పుడు అతను ఒక ప్రశ్న అడిగాడు. "పాపని ఎక్కడ కూర్చోబెడతారు సార్?" ముందు సీట్లో, వాళ్ళమ్మ ఒళ్ళో అన్నాను. అతను కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు, బ్యాగు ఉండి ఉంటే అంత వేగంతో వచ్చేది మొదట పాప తలకే తగిలేదని. బెల్టు వాళ్ళమ్మకే ఉంటుంది, పాపకి ఉండదు. బ్యాగు లేకపోతే డ్యాష్‌బోర్డు, ఉంటే బ్యాగు. ఆ యార్డువాడు చేసింది నేరమే, కానీ ఇది మాత్రం పూర్తిగా నా తప్పు. సోమవారం రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బాగేపల్లి దాటాక పాప వాళ్ళమ్మ ఒళ్ళో నిద్రపోయిన ప్రతిసారీ గుర్తొస్తోంది.

ఆఫీసులో ఒకరిద్దరు గుజరీలో పాత బ్యాగు దొరుకుతుంది, పదిహేను వేలలో అయిపోతుందన్నారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. జపాన్‌లోని టకాటా కంపెనీ ఇన్‌ఫ్లేటర్ల గొడవ గుర్తుంది కదా. వాటిలో గ్యాస్ పుట్టించే అమ్మోనియం నైట్రేట్ ఏళ్ళ తరబడి వేడికి, తేమకి పాడై, బ్యాగు తెరుచుకునేటప్పుడు లోపలి ఇనుప డబ్బానే పగిలి ముక్కలు మనుషులకి గుచ్చుకున్నాయి. ప్రపంచమంతా కోట్ల కార్లు వెనక్కి పిలిచారు, మన దేశంలో కూడా. యాక్సిడెంట్ అయిన కార్లలో చవకరకం ఇన్‌ఫ్లేటర్లు వేస్తే మనుషులు చచ్చిపోతున్నారని అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 2024లో హెచ్చరిక కూడా ఇచ్చింది. ఎక్కడిదో, ఎన్నేళ్ళదో తెలియని పేలుడు డబ్బాని ముఖానికి ఎదురుగా పెట్టుకోలేను.

కొనబోయే వాళ్ళు ఇవి చూసుకోండి. అడ్వాన్సు ఇవ్వకముందే రిజిస్ట్రేషన్ నంబరు, ఛాసిస్ నంబరు పట్టుకుని ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్ళి పాత రికార్డు అడగండి. నా బండికి 2022లో ముందు భాగం మొత్తం రిపేర్ ఎస్టిమేట్ వేసినట్టు అక్కడే ఉంది, అడిగితే ఐదు నిమిషాల్లో తెలిసేది. ఎయిర్ బ్యాగు లైటు అసలు రాకపోయినా, వచ్చి ఆరిపోకపోయినా బండి వదిలేయండి, కానీ సరిగ్గా వచ్చి ఆరిపోయింది కదా అని నమ్మకండి. బెల్టు మొత్తం బయటికి లాగి చీటీ మీద సంవత్సరం చూడండి. డ్యాష్‌బోర్డు మీద బొమ్మ గానీ మ్యాటు గానీ ఉంటే తీసి చూడండి. స్టీరింగ్ మీరే విప్పొద్దు, తెలిసిన మెకానిక్‌తో చూపించండి. 2019 జూలై తర్వాత తయారైన కారుకి డ్రైవర్ ఎయిర్ బ్యాగు తప్పనిసరి, కాబట్టి ఉండే ఉంటుందిలే అని నాలాగా అనుకోకండి.

బ్యాగులు నిజంగా ఉన్న వాళ్ళు పిల్లల్ని వెనక సీట్లోనే కూర్చోబెట్టండి, బెల్టుతో. వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల సీటు ముందు ఎప్పుడూ పెట్టొద్దు. స్టీరింగ్‌కి, మీ ఛాతీకి మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి. డ్యాష్‌బోర్డు మీద కాళ్ళు పెట్టి కూర్చునే అలవాటు ఎవరికైనా ఉంటే ఇవాళే మాన్పించండి. సీటు పక్కన బ్యాగు ఉండే కార్లకి బయట దొరికే మామూలు సీటు కవర్లు వేయించొద్దు, అది తెరుచుకునే దారి మూసుకుపోతుంది.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కూడా వేస్తున్నాను. వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, మనం ఉండే చోటే వేయొచ్చు, రెండేళ్ళ లోపు వేయాలి. అదే యార్డులో కొన్నవాళ్ళు మీ బండి చూపించుకుని, ఇలాగే ఉంటే నాకు చెప్పండి, కలిసి వేద్దాం.

ఈ ఉదయం ఆ యార్డువాడు ఫోన్ చేశాడు. ఎక్కడా ఏమీ రాయొద్దని, 4 లక్షలకి బండి వెనక్కి తీసుకుంటానని అన్నాడు. మా ఆవిడ తీసేసుకో, పీడ వదిలిపోతుంది అంది. నేను అతన్ని అడిగాను, తీసుకుని ఏం చేస్తావు, బ్యాగులు వేయిస్తావా అని. "అది నీకెందుకన్నా" అన్నాడు. అందుకే ఇవ్వలేదు. బండి మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఉంది, తాళం బీరువాలో పెట్టాను. ఉగాదికి ఊరికి బస్సు టికెట్లు తీసుకున్నాం.