గద్వాల చీరల దుకాణం వెబ్‌సైట్: చీర బాగుంది, పేజీ ఆలస్యం

గద్వాల పట్టణంలోని ఒక చిన్న చీరల దుకాణం ఇటీవల సొంత వెబ్‌సైట్ ప్రారంభించింది. అక్కడ కొన్న చీర ఫొటోలో చూసినట్టే ఉంది, ధర కూడా న్యాయంగానే ఉంది. అంత మంచి సరుకు ఉన్న దుకాణానికి వెబ్‌సైట్ మాత్రం సాయపడడం లేదన్నదే నా బాధ.

సైట్ తెరిచినప్పుడు చాలాసేపు తెల్లని తెర తప్ప ఏమీ కనిపించదు. ఒకదాని వెంట ఒకటి జరిగే పెద్ద ఫొటోల బ్యానర్ పూర్తిగా లోడ్ అయితే తప్ప కిందనున్న చీరలు రావు. కెమెరాలో తీసిన ఫొటోలను పరిమాణం తగ్గించకుండా ఎక్కించడమే ఇందుకు ముఖ్య కారణం. వెబ్‌పేజీల వేగాన్ని కొలిచే గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మొబైల్ పరీక్ష చేసి చూస్తే, తెరమీద అన్నిటికన్నా పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనిపించాల్సి ఉండగా ఈ పేజీ అంతకు రెట్టింపు కంటే ఎక్కువ సమయం తీసుకుంది. స్కోరు కూడా ఎరుపు రంగులోనే, అంటే వందకు 50 లోపే ఉంది.

అయితే ఆ స్కోరు నెమ్మదైన 4జీని, మధ్యరకం ఫోన్‌ను ఊహించుకుని చేసే పరీక్షలో వచ్చేది. సైట్ చూసిన అసలు వాడుకదారుల గత 28 రోజుల అనుభవాన్ని కూడా ఆ సాధనం చూపుతుంది గానీ, రాకపోకలు తక్కువగా ఉండే సైట్లకు ఆ వివరాలు రావు. ఈ సైట్‌కూ రాలేదు. కాబట్టి యజమాని దుకాణంలోని వైఫై మీద ఆధారపడకుండా, అలంపూర్ వెళ్లే బస్సులో మామూలు ఫోన్‌తో సైట్ తెరిచి చూసుకోవడం మేలు.

నాకు మరింత ఇబ్బంది కలిగించింది పేజీ కదలిక. ‘బుట్టలో వేయండి’ అన్న బటన్ మీద వేలు పెట్టబోయే సమయానికి పండుగ రాయితీ పట్టీ ఆలస్యంగా పైన ప్రత్యక్షమై పేజీనంతా కిందికి నెట్టింది. వేలు ఫొటో మీద పడి వేరే పేజీ తెరుచుకుంది. ఆ పట్టీకి ముందుగానే చోటు కేటాయిస్తే ఈ చిక్కు తీరిపోతుంది.

ఫొటోలను తేలిక చేయమని చెప్పడం సులువే కానీ, గద్వాల చీర విషయంలో జాగ్రత్త అవసరం. నడుమ భాగం నూలు, అంచులు, కొంగు పట్టు. ఆ రెండింటినీ కలిపే కుప్పడం నేతను దగ్గరగా చూడనిదే తెలిసినవారు కొనరు. గుడ్డిగా కుదిస్తే జరీ అంచు మసకబారి మరమగ్గం చీరకూ దీనికీ తేడా తెలియకుండా పోతుంది. జాబితాలో చిన్న వెబ్‌పీ (ఫైలు పరిమాణం తక్కువగా ఉండే ఫొటో రకం) ఫొటో పెట్టి, తాకినప్పుడు మాత్రమే అంచు, కొంగు పెద్ద ఫొటోలు లోడ్ అయ్యేలా చేయడం సరైన పద్ధతి. మొదటి తెరలో కనిపించే ఫొటో వెంటనే రావాలి, కిందివి అవసరమైనప్పుడు రావాలి. ఇక్కడ సరిగ్గా తారుమారైంది.

మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి. చీర కొలత, జాకెట్టు ముక్క ఉందో లేదో, ఎలా ఉతకాలో చక్కని తెలుగులో రాశారు. ఆ రాత ఫొటోగా కాక అక్షరాలుగానే ఉండడం వల్ల ముందుగా కనిపించేది అదే. యూపీఐ చెల్లింపు ఆటంకం లేకుండా సాగింది, ఆర్డరు అందినట్టు సందేశం వెంటనే వచ్చింది. బ్యానర్ తీసేసి ఒక్క మంచి ఫొటో పెట్టినా సగం సమస్య తీరుతుంది. అంతవరకు చీరకు ఐదుకు ఐదు, సైట్‌కు మూడు.