మట్టికట్టలో ఊట జాడకు విద్యుత్ నిరోధకత సర్వే: ఒక సేవపై సమీక్ష

జలాశయపు మట్టికట్ట దిగువ వాలు అడుగున ఎండలోనూ ఆరని చెమ్మ కనిపించడంతో, నీరు కట్టలో ఏ దారిన వస్తోందో తెలుసుకోవడానికి ఒక ప్రైవేటు సంస్థ చేత విద్యుత్ నిరోధకత సర్వే చేయించాము. క్షేత్రంలో వారి పని మెచ్చుకోదగినది. నివేదిక మాత్రం కొలతలు చెప్పగలిగినదానికి మించి మాట్లాడింది.

ఈ పద్ధతిలో నేలలో దిగగొట్టిన రెండు ఎలక్ట్రోడ్ల ద్వారా కరెంటు పంపి, మరో రెండింటి మధ్య ఏర్పడే వోల్టేజిని కొలుస్తారు. ఎలక్ట్రోడ్ల మధ్య ఎడం పెంచేకొద్దీ కొలత మరింత లోతు నుంచి వస్తుంది. పొడి ఇసుక, గట్టి రాయి కరెంటును అడ్డుకుంటాయి, తడిసిన మట్టి సులువుగా పోనిస్తుంది. మా కట్టపైన 2 మీటర్ల ఎడంతో 48 ఎలక్ట్రోడ్లను వెన్నర్ అమరికలో, అంటే ఒక్కో కొలతకు నాలుగు ఎలక్ట్రోడ్లు సమాన ఎడంలో ఉండే పద్ధతిలో, వాడారు. మొత్తం 94 మీటర్ల వరుస. దానితో అందే లోతు సుమారు 16 మీటర్లు.

కట్టపై గ్రావెల్ ఎండి ఉన్నందున ప్రతి ఎలక్ట్రోడ్ చుట్టూ ఉప్పునీరు పోసి, నేలతో స్పర్శ సరిగా కుదిరిందని చూసుకున్నాకే కొలతలు మొదలుపెట్టారు. పాతిన ఇనుప పైపులు, కంచెలు ఎక్కడున్నాయో ముందే అడిగి పటంలో గుర్తించుకున్నారు. లోహం పక్కన ఉంటే కరెంటు దాని వెంట పోయి కొలతను పాడుచేస్తుంది గనుక ఈ జాగ్రత్త చిన్నది కాదు. మేము అడగకుండానే కట్ట దిగువ అంచు వెంట రెండో వరుస కూడా వేశారు. తరువాత మాకు అక్కరకు వచ్చింది అదే.

నివేదికలో నిరోధకత తక్కువగా ఉన్న చోట్లకు నీలిరంగు వేసి, నీలి మచ్చలన్నిటినీ ‘ఊట మార్గాలు’ అని రాశారు. బంకమట్టి నిరోధకత తరచు 1 నుంచి 100 ఓమ్-మీటర్ల మధ్యే ఉంటుంది. మంచినీటితో నిండిన ఇసుక విలువలు కూడా ఈ పరిధిలోకి రావచ్చు. నడుమ బంకమట్టి గోడ ఉన్న కట్టలో రంగును చూసి నీటిని పోల్చుకోవడం ఎలా సాధ్యం? పైగా ఒకే కొలతలకు సరిపోయే భూగర్భ చిత్రాలు ఒకటికి మించి ఉంటాయి. సాఫ్ట్‌వేర్ లెక్కకట్టిన చిత్రానికీ కొలతలకూ మధ్య తేడా తక్కువ వచ్చినంత మాత్రాన ఆ చిత్రం నిజమని కాదు. వరుసకు అడ్డంగా నేల మారదని ఊహించి లెక్కకట్టే సాఫ్ట్‌వేర్‌కు, ఒకవైపు జలాశయం, ఇరువైపులా వాలు ఉన్న కట్ట సరిగా ఇమడదన్న మాట నివేదికలో ఎక్కడా లేదు. ఎక్కువ నిరోధకత చూపిన ఒక చోటును వదిలేయడం ఇంకా పెద్ద లోపం: ఊట సన్నని మట్టిరేణువులను కడిగేస్తే అక్కడ నిరోధకత పెరిగే అవకాశమూ ఉంది.

అభ్యంతరం చెప్పాక, అదనపు రుసుముతో సహజ పొటెన్షియల్ కొలతలు చేశారు. రాగి, కాపర్ సల్ఫేట్ ద్రావణం ఉన్న కుండలను నేలపై ఉంచి, నీటి ప్రవాహం వల్ల పుట్టే కొద్ది మిల్లీవోల్టులను పట్టుకునే పద్ధతి ఇది. నీరు కదులుతోందా అన్న ప్రశ్నకు నిరోధకత కంటే ఇదే దగ్గరగా జవాబిస్తుంది. పైవరుస, దిగువ వరుస, ఈ కొలతలు మూడూ ఒకే సూచన ఇచ్చిన చోట బోరు వేస్తే నీరున్న ఇసుక పొర తగిలింది. నివేదిక అన్నిటికంటే ముదురు నీలం వేసిన చోట తడి బంకమట్టి తప్ప మరేమీ లేదు.

బోర్లు ఎక్కడ వేయాలో తేల్చుకోవడానికి ఈ సేవ పనికివస్తుంది, బోర్లు అక్కర్లేదనుకోవడానికి కాదు. చేయించేవారు ముడి కొలతలు ఇవ్వాలన్న షరతును ఒప్పందంలోనే రాయించుకోవాలి. మాకు అవి పలుమార్లు అడిగాకే అందాయి. జలాశయం నిండినప్పుడు ఒకసారి, నీరు తగ్గినప్పుడు మరోసారి అవే స్థానాల్లో కొలిపిస్తే, మారని బంకమట్టి పక్కకు తప్పుకుని మారేది బయటపడుతుంది. ఆ పోలికలో ఉష్ణోగ్రత దిద్దుబాటు తప్పనిసరి, ఎందుకంటే ఒక్క డిగ్రీ తేడాకు నిరోధకత దాదాపు 2 శాతం మారుతుంది. రెండో విడత కొలతలకు ఈ సంస్థనే పిలుస్తున్నాము. కొలతల అన్వయం మాత్రం వేరే భూభౌతిక నిపుణుడికి అప్పగిస్తున్నాము.